తెరచాప నీడలో పిల్లలు

ఆంగ్ల నిఘంటువులలో చోటు సంపాదించుకొన్న దక్షిణదేశపు మాటలలో ‘కాటమరాన్’ ఒకటి. తమిళమున ‘కట్టు’ అనగా కట్టుట. ‘మరము’ అనగా చెట్టు లేక కొయ్య. తెలుగువారి ‘మ్రాను’నకును ఆ ‘మరము’నకును దగ్గరి చుట్టరికము కలదు. కోరమండల తీరమున జాలరులు కొన్ని దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి, త్రాళ్లతో బిగించి, సముద్రముపై నడుపు సాధనమును చూచిన పాశ్చాత్య నావికులు ఆ మాటను తమతో గొనిపోయిరి. 1697లో అచ్చయిన విలియం డాంపియర్ యాత్రాగ్రంథమున ఆ పేరు కానవచ్చుచున్నది.

శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో దానినే ‘తెప్ప’ యందురు. తెప్పకు గోడలు లేవు, కడుపు లేదు. దుంగల సందులలో వచ్చిన నీరు ఆ సందులనుండియే పోవును. కనుక అది నీరు నిండి మునుగునది కాదు. వేట ముగిసిన పిమ్మట కట్లు విప్పి దుంగలను ఇసుకపై ఆరబెట్టుట పూర్వాచారము. ఇటీవలి దశాబ్దములలో దుంగల తెప్పల స్థానమును చాలచోట్ల ఫైబరు పడవలు ఆక్రమించినవి.

అయితే నేడు ప్రపంచమంతట ‘కాటమరాన్’ అని పిలువబడుచున్నది ఈ తెప్ప కాదు. పేరు ఈ తీరమునుండి పోయినది. రూపము పసిఫిక్ మహాసముద్ర ద్వీపములనుండి వచ్చినది. ఆ ద్వీపవాసులు రెండు దోనెలను కొంత ఎడముగా నుంచి, అడ్డముగా దూలములు వేసి బంధించి, తెరచాప నెత్తి దూరప్రయాణములు చేసెడివారు. 1876లో అమెరికాకు చెందిన నథానియెల్ హెర్రెషాఫ్ ‘అమరిల్లిస్’ అను జంటదోనెల పడవను నిర్మించి న్యూయార్కు పందెమున దింపగా, అది తక్కిన పడవలను సులువుగా దాటిపోయినది. 1960ల చివర, సముద్రపు అలలపై జారు పలకలను తయారుచేయు హోబీ ఆల్టర్ కాలిఫోర్నియాలో ఇసుక తీరమునుండి నేరుగా నీటిలోనికి నెట్టదగిన చిన్న జంటదోనెల పడవను రూపొందించెను. మొదట 14 అడుగులది, తరువాత 16 అడుగులది వెలువడినవి. ఈ రెండవదాని పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కిలోలు. తెరచాపకొయ్య ఎత్తు 8 మీటర్లు. రెండు దోనెల నడుమ బిగించి కట్టిన గట్టి గుడ్డయే కూర్చుండు చోటు. పెద్ద రేవు అక్కరలేదు, ఇంజను అక్కరలేదు. అందుచే అది అనేక దేశములలో కుటుంబముల విహారసాధనమైనది. తండ్రియో, తల్లియో చుక్కాని పట్టగా పిల్లలు ప్రక్కన కూర్చుండి సాగు దృశ్యము ఆ దేశముల తీరములలో సామాన్యము.

ఇట్టి పడవలో పసివారిని తీసికొనిపోవుట తప్పు కాదు. గాలిని, నీటిని, త్రాటిని ఒక్కసారిగా నేర్పగల గురువు దానివలె మరియొకటి లేదు. కాని ఆ గురువు సహనము ఎంతవరకో, ఎచ్చట ముగియునో పెద్దలు ముందుగా తెలిసికొనియుండవలెను.

స్థిరత్వములోని మోసము

ఒంటి దోనె పడవ, అడుగున బరువు గలది, గాలి పెరిగినకొలది కొంచెము కొంచెముగా ఒరుగును. ఒరుగుటయే ఒక హెచ్చరిక. పిల్లలు భయపడుదురు, పెద్దలు తెరచాపను వదులు చేయుదురు. ఎంత ఒరిగినను అడుగునగల బరువు దానిని తిరిగి నిలబెట్టుటకు ప్రయత్నించుచునే యుండును. జంటదోనెల పడవ స్వభావము వేరు. అది రెండు కాళ్లు ఎడముగా పెట్టి నిలిచిన మనుష్యునివంటిది. కొంత గాలివరకు ఒరుగదు, కదలదు. బల్లపై కూర్చున్నట్లే యుండును. ఆ హద్దు దాటినంతనే గాలి వచ్చువైపు దోనె నీటినుండి లేచును. అట్లు లేచు క్షణముననే దాని నిలకడశక్తి పరాకాష్ఠ నందును. అటుపైన అది ఒరిగినకొలది ఆ శక్తి తగ్గునేగాని పెరుగదు. చివరకు పడవ ప్రక్కకు పడును. ఆపై పూర్తిగా తలక్రిందగుటయు కలదు.

దీనిని బడిపిల్లలు తులాదండపు లెక్కగా వేసికొనవచ్చును. గాలి పోవువైపు దోనె ఆధారబిందువు. పడవ బరువు 145 కిలోలు ఆ బిందువునకు సుమారు 1 మీటరు దూరమున పనిచేయును. రెండవ దోనెపై కూర్చున్నవారి బరువు సుమారు 2 మీటర్ల దూరమున పనిచేయును. 70 కిలోల పెద్దవారు ఇద్దరున్నచో మొత్తము 145, 140, 140 కలసి 425. ఇద్దరిలో ఒకరికి మారుగా 25 కిలోల బాలుడు కూర్చున్నచో 145, 140, 50 కలసి 335. అనగా గాలికి ఎదురు నిలుచు శక్తిలో ఐదవవంతు తరిగిపోయినది. తెరచాప మాత్రము అదే.

రెండవ లెక్క గాలిది. తెరచాపపై గాలి ఒత్తిడి వేగముతో సమానముగా పెరుగదు. వేగపు వర్గమును బట్టి పెరుగును. గంటకు 15 కిలోమీటర్ల గాలి 30 అయినచో ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. 15 నుండి 21కి పెరిగినంతనే ఒత్తిడి దాదాపు రెండింతలగును. ఆరు కిలోమీటర్ల తేడా చెంపకు తగులు గాలిలో అంతగా తెలియదు, తెరచాపకు తెలియును. ఈ రెండు లెక్కలను కలిపి చూచినవారికి, ‘ఇంతవరకు ఏమియు కాలేదు గదా’ అను మాట జంటదోనెల పడవలో ఎందుకు చెల్లదో బోధపడును.

ఇంకొక ప్రమాదము ముందువైపునకు పల్టీ కొట్టుట. వేగముగా పోవుచుండగా గాలి పోవువైపు దోనె ముక్కు నీటిలో దిగబడినచో పడవ ఒక్కసారిగా ఆగును. అందున్నవారు ముందునకు విసరివేయబడుదురు. పిల్లలకు ముందుభాగమున కూర్చుండి నీటి తుంపరలలో తడియుట వేడుక. వారి చోటు అది కాదు. తెరచాపకొయ్యకు వెనుక, పెద్దవారి చేతికందు దూరమున వారిని కూర్చుండబెట్టవలెను. గాలి హెచ్చినపుడు అందరును మరికొంత వెనుకకు జరుగవలెను.

గట్టుమీది నిర్ణయము

సముద్రముపై పుట్టు ఆపదలలో చాలభాగము గట్టుమీదనే నివారింపదగినవి. మొదట గాలి. 1805లో ఆంగ్ల నౌకాధికారి ఫ్రాన్సిస్ బ్యూఫోర్టు గాలి బలమును కొలుచుటకు ఒక శ్రేణి ఏర్పరచెను. అందు మూడవ మెట్టున గాలి గంటకు 12 నుండి 19 కిలోమీటర్లు; అచ్చటచ్చట తెల్లని నురుగులు కానవచ్చును. నాలుగవ మెట్టున 20 నుండి 28. తెల్లని నురుగులు తరచుగా కానవచ్చును. క్రొత్తగా నేర్చువారు పసివారితో పోదలచినచో నీటిపై తెల్లదనము మొదలుకాకముందే పోవుట, మొదలైనంతనే మరలుట మంచి నియమము. గాలి అనుమానముగా నున్నప్పుడు తెరచాప విస్తీర్ణమును ముందే తగ్గించుకొనవలెను. నడిసముద్రమున తగ్గించుట పిల్లలను చూచుకొనుచు చేయదగిన పని కాదు.

రెండవది గాలి దిక్కు. తూర్పుతీరపు జాలరులకు ఇది పుట్టుకతో వచ్చిన విద్య. తెల్లవారుజామున నేలమీదినుండి సముద్రమునకు వీచు గాలితో వారు వేటకు పోవుదురు; పగలు నేల వేడెక్కిన పిమ్మట సముద్రమునుండి నేలకు తిరిగిన గాలితో ఇంటికి వత్తురు. పోవుటకు అనుకూలమైన గాలి వచ్చుటకు ప్రతికూలమని వారికి తెలియును. విహారమునకు వచ్చినవారికి ఈ సంగతి తోచదు. నేలనుండి వీచు గాలి తీరము దగ్గర అలలను లేపదు. నీరు చెరువువలె కనబడును. ‘ఎంత ప్రశాంతముగా నున్నది!’ అని పిల్లలను ఎక్కించుకొందురు. లోనికి పోయినకొలది గాలి హెచ్చును, అలలు లేచును. ఏదైన విరిగినచో పడవ తీరమునకు గాక నడిసముద్రమునకు కొట్టుకొనిపోవును. కనుక పిల్లలతో పోవునపుడు తీరమువెంబడి వీచు గాలియో, మెల్లగా తీరమువైపు వీచు గాలియో కోరదగినది.

మూడవది పడవ పరీక్ష. దోనెలలో చేరిన నీటిని వదలుటకు వెనుక రంధ్రము, దానికి బిరడా యుండును. బిరడా మరచి నీట దింపిన పడవ ఒకవైపు నెమ్మదిగా బరువెక్కి, ఎవరికిని కారణము తోచకుండ ఒరిగిపోవును. తెరచాపకొయ్య లోహముతో చేసినది; 8 మీటర్ల ఎత్తుగల దానిని ఇసుకపై నిలబెట్టునపుడును, నిలబెట్టిన పడవను జరుపునపుడును, పైన విద్యుత్తు తీగలున్నవేమో చూడకుండుట ప్రాణాంతకము. 1980లలో కొన్ని పడవలకు కొయ్య పైభాగమును విద్యుత్తు ప్రవహింపని పదార్థముతో చేయసాగిరి. అయినను తల యెత్తి చూచుటకు అది ప్రత్యామ్నాయము కాదు. చివరగా, ఎటు పోవుచున్నదియు, ఎన్ని గంటలకు తిరిగి వచ్చునదియు గట్టునున్న ఒకరికి చెప్పి పోవలెను. చెప్పిన వేళకు రాకున్నచో సహాయము పిలువవలసిన బాధ్యత వారిది.

ఒంటికి సరిపోవు చొక్కా

అమెరికా తీరరక్షక దళము లెక్కల ప్రకారము 2022లో విహారపు పడవల ప్రమాదములలో 636 మంది మరణించిరి. మరణకారణము తెలిసినవారిలో నూటికి 75 మంది నీట మునిగి పోయినవారు. అట్లు మునిగినవారిలో నూటికి 85 మంది లైఫ్ జాకెట్టు ధరింపలేదు. ఆ దేశమున కదలుచున్న పడవపై 13 ఏండ్లలోపు పిల్లలు, మూసిన గదిలో ఉన్నప్పుడు తప్ప, దానిని ధరించియుండవలెనని 2002లోనే నియమము చేసిరి. గుడ్డపరుపు తప్ప గదియే లేని చిన్న జంటదోనెల పడవలో వయసుతో నిమిత్తము లేదు, అందరును ధరింపవలసినదే. తండ్రి ధరింపని చొక్కాను బిడ్డ మనఃపూర్వకముగా ధరింపడు.

ఇచ్చట మన ఇండ్లలోని ఒక అలవాటు చెప్పుకొనదగినది. పిల్లలు ఎదుగుదురు గదా యని బడి చొక్కాను రెండేండ్లకు సరిపోవునట్లు వదులుగా కుట్టింతుము. లైఫ్ జాకెట్టు విషయమున ఈ పొదుపు పనికిరాదు. వదులుగానున్నది నీటిలో పైకి లేచి ముఖమునకు అడ్డుపడును. బిడ్డ దానిలోనుండి క్రిందికి జారిపోవచ్చును. బిగించిన పిదప భుజములవద్ద పట్టి పైకెత్తి చూడవలెను. అది గడ్డముపైకి జరిగినచో సరిపోలేదన్నమాట. చిన్నపిల్లలకు కాళ్లనడుమనుండి వచ్చు పట్టీ గలది మేలు. నీటబడిన తరువాత వాయువుతో ఉబ్బు రకములు వారికి తగవు.

చొక్కా మునుగకుండ కాపాడును గాని చలినుండి కాపాడదు. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు వేగముగా దేహపు వేడిని లాగివేయును. బిడ్డ శరీరము చిన్నది. బరువుతో పోల్చిన చర్మపు విస్తీర్ణము ఎక్కువ. కనుక పెద్దలకంటె ముందుగా చల్లబడును. ఎడతెగక మాటలాడుచున్న బాలుడు మౌనము వహించినచో, పెదవులు నల్లబడినచో, వణకు మొదలైనచో, అదే ఇంటికి తిరుగవలసిన వేళ.

త్రాళ్లతో మరియొక జాగ్రత్త అవసరము. పిల్లవాడు పడిపోవునను భయముతో కొందరు వానిని పడవకు కట్టివేయ జూతురు. ఇంతకంటె అపాయము లేదు. పడవ తలక్రిందయినపుడు కట్టబడినవాడు దాని క్రిందనే చిక్కుకొనును. త్రాటిని చేతికి చుట్టుకొనుటయు తగదు. చిక్కుబడిన త్రాటిని కోయుటకు పెద్దవారివద్ద చిన్న చాకు ఉండవలెను.

పడుట ఒక పాఠము

బోల్తా పడుట వీనికి అపూర్వము కాదు. ఎన్నడును పడకుండ నడుపుదుమనుకొనుటకంటె, పడినపుడు ఏమి చేయవలెనో ఎరిగియుండుట వివేకము. అందుచే మొదటి విహారమునకు ముందే, గాలి లేని దినమున, తోడు పడవ దగ్గరనుండగా, కొయ్య నేలకు తగులనంత లోతున, పడవను కావలెనని పడవేసి నేర్పవలెను. ఒకసారి నవ్వుచు పడిన బిడ్డ రెండవసారి భయముతో స్తంభించిపోడు.

పడిన వెంటనే పెద్దవారి మొదటి పని తలలు లెక్కించుట. పేరు పేరున పిలువవలెను, బదులు వినవలెను. బిడ్డ తెరచాప క్రింద చిక్కినచో చేతిని పైకెత్తి గుడ్డను లేపిన శ్వాసకు చోటేర్పడును. పిదప ఒకే దిక్కున జరుగుచు అంచునకు రావలెను. ఇది ముందే చేసి చూచినవారికే తోచును. రెండవ నియమము, పడవను విడువరాదు. తీరము ఎంత దగ్గరగా కనబడినను ఈదుకొనిపోవ యత్నింపరాదు. నీటిపై తల చిన్నది. వెదకువారికి పడవ కనబడునుగాని తల కనబడదు. పైగా ఒరిగిన పడవను గాలి త్రోసుకొనిపోవును. ఒకసారి చేయి వదలినవాడు దానిని తిరిగి అందుకొనుట కష్టము.

తరువాత తెరచాప త్రాళ్లను వదులు చేసి, పడవ ముక్కును గాలికి ఎదురుగా త్రిప్పి, పై దోనెకు కట్టిన త్రాటిని పట్టుకొని క్రింది దోనెపై నిలిచి వెనుకకు వ్రాలవలెను. పడవ లేచునపుడు పై దోనె వేగముగా క్రిందికి వచ్చును. బిడ్డ తల దాని క్రింద ఉండరాదు. ఇచ్చటనే అసలు చిక్కు కలదు. 16 అడుగుల పడవను లేపుటకు సాధారణముగా ఒక మనుష్యుని బరువు చాలదు. ఇద్దరు పెద్దలు లేపగలరు. ఒక తండ్రియు, 25 కిలోల కుమారుడును లేపలేకపోవచ్చును. నీటితో నింపి వీపున వ్రేలాడదీయు సంచులు, పొడవైన మోకుల వంటి సాధనములు ఉన్నవి. అవి పనిచేయునో లేదో గట్టు దగ్గర పరీక్షించి చూడవలెను. ఉన్నవారి బరువుతో పడవ లేవదని తేలినచో, ఇంకొక పెద్దవారినైనను వెంట తీసికొనిపోవలెను, తోడు పడవతోనైనను పోవలెను, మరింత చిన్న పడవనైనను ఎన్నుకొనవలెను. నాలుగవ మార్గము లేదు.

ముందుగా ఆపుట

పిల్లలకు చుక్కాని ఇచ్చి నడుపుట నేర్పు పెద్దలు కలరు. అంతకుముందు నేర్పవలసినది ఆపుట. ఏలయన, ప్రమాదములన్నియు బిడ్డకే జరుగవు. చుక్కాని పట్టిన పెద్దవాడే జారి నీటబడినచో పడవపై మిగులునది బిడ్డ ఒక్కడే.

ప్రపంచపు మేటి ఈతగాండ్రు 50 మీటర్లను 21 సెకండ్ల ప్రాంతమున ఈదుదురు. అనగా గంటకు 9 కిలోమీటర్లకు లోబడిన వేగము. అదియు తేటనీటి కొలనులో, కొద్ది క్షణములపాటే. ఓ మోస్తరు గాలికి ఈ పడవలు దానికి రెండింతల వేగమున పోగలవు. తెరచాప త్రాడు కొక్కెమున బిగించియుండగా తండ్రి నీటబడెనా, బిడ్డతో పోవుచున్న పడవను ఆయన ఈది అందుకొనజాలడు. కనుక పిల్లలతో నడుపునపుడు పెద్ద తెరచాప త్రాటిని బిగించి వదలరాదు, చేతిలోనే పట్టుకొనియుండవలెను. పట్టుకొన్నవాడు పడినచో త్రాడు జారును, తెరచాప గాలిని విడుచును, పడవ నెమ్మదించును.

బిడ్డకు నేర్పవలసినది రెండే పనులు: చిన్న తెరచాప త్రాటిని కొక్కెమునుండి ఊడదీయుట, పెద్ద తెరచాప త్రాడు ఎచ్చటనైన పట్టుకొన్నచో దానిని వదలించుట. ఈ రెండును జరిగిన పడవ గాలికి అడ్డముగా నిలిచి తేలుచుండును. నేర్పితినని తృప్తిపడక, గాలి ఉన్నపుడు, త్రాడు బిగిసియున్నపుడు, ఆ చిన్నచేతులకు అంత బలము కలదో లేదో చూడవలెను. లేకున్నచో ఆ బిడ్డతో అంత గాలిలో పోరాదు. ఈ విధముగా పిల్లవాని వ్రేళ్ల బలమే ఆనాటి గాలికి హద్దు నిర్ణయించును.

ఇంకొకటి కూడ బిడ్డకు ఈయవలసియున్నది: ‘చాలు’ అను మాట. ఆ మాట విన్నంతనే, పరిహాసము చేయక, మరికొంత దూరమని బుజ్జగింపక, పడవను తీరమునకు మరల్చు పెద్దలవెంట పిల్లలు మరునాడు తామై వత్తురు. ఒక్కసారి ఆ మాట త్రోసివేసినచో భయము వేసినను పైకి చెప్పరు. అంతటితో పెద్దవారికి మిగిలిన ఒక్క హెచ్చరికయు పోవును.

మన తీరములలో ఇట్టి జంటదోనెల పడవలు ఇంకను అరుదు. హైదరాబాదు హుస్సేన్ సాగరమున తెరచాప నేర్చు బాలబాలికలు చాలవరకు ‘ఆప్టిమిస్టు’ మొదలగు చిన్న ఒంటి దోనెలలో ఆరంభింతురు. అయినను తులాదండము, గాలి వర్గఫలము, నేలగాలి, సముద్రపు గాలి పాఠ్యపుస్తకములలోనివే. సముద్రము చూడని ఊరి బడిలోను ఉపాధ్యాయుడు ఈ లెక్కలను నల్లబల్లపై వేసి చూపవచ్చును. వేసిన పిమ్మట తరగతిని ఒక ప్రశ్న అడుగవచ్చును: ‘పెద్దవాడు నీటబడినచో పడవను ఆపునదెవరు?’ ఈ ప్రశ్నకు పడవపైనున్న బిడ్డయే జంకులేక సమాధానము చెప్పగలిగిననాడు ఆ కుటుంబము పడవను నీటిలోనికి నెట్టవచ్చును.